ఏకాగ్రత కావాలంటే ముందు తలుపు కావాలి

తెలుగువాడు వెనకబడటానికి కారణం పొద్దెక్కాక లేవడమేనని ఈమధ్య అన్ని వైపులనుంచీ రుజువైపోతోంది. రీల్స్ అదే చెబుతున్నాయి. ఆఫీసు మెయిల్స్ అదే చెబుతున్నాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రిటైరైన పెద్దాయన నాలుగున్నరకే ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ పెట్టి మరీ చెబుతున్నారు. ఐదింటికి లేచినవాడు కంపెనీ పెడతాడు, ఏడింటికి లేచినవాడు అందులో ఉద్యోగం చేస్తాడు. సిద్ధాంతం ఇంత స్పష్టంగా ఉన్నాక వాదనకు తావులేదు. అమలులో ఎదురవుతున్న కొద్దిపాటి ఇబ్బందులను పరిశీలించి, ప్రభుత్వానికీ ప్రజలకూ సూచనలు చేయడం వరకే ఈ వ్యాసం పరిమితం.

ముందు ఐదు గంటల సంగతి. సిద్ధాంతం ప్రకారమైతే గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో తెల్లారకముందే బంతిపూల మూటలు దించే హమాలీలు, పాల ప్యాకెట్లు వేసే కుర్రాళ్లు, రోడ్లూడ్చే పారిశుద్ధ్య కార్మికులు ఈపాటికి జూబ్లీహిల్స్‌లో ఉండాలి. వీళ్లలో కొందరు రోజూ చీకటితోనే జూబ్లీహిల్స్‌లో ఉంటున్న మాట నిజమే, చీపుళ్లతో. మిగతావాళ్లు ఎందుకు చేరుకోలేదని నిపుణులను అడిగితే, ఉత్త లేవడం చాలదు, లేచాక ధ్యానం చేయాలి, డైరీ రాయాలి, చన్నీళ్లు పోసుకోవాలి అంటారు. హమాలీ డైరీ రాయడం లేదు. లోపం అక్కడుంది.

సంప్రదాయం తెలిసినవాళ్లు ఇంకో చిక్కు తెచ్చిపెట్టారు. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి గంటా ముప్ఫై ఆరు నిమిషాల ముందు మొదలై, నలభై ఎనిమిది నిమిషాల ముందు అయిపోతుంది. జూన్ మొదట్లో హైదరాబాదులో సూర్యుడు 5:40 ప్రాంతంలో వస్తాడు. అంటే ముహూర్తం 4:52కే ముగిసింది. ఐదింటి అలారానికి గర్వంగా లేచి ఫొటో పెట్టినవాడు శాస్త్రప్రకారం బద్ధకస్తుడే. జనవరిలో సూర్యోదయం ఆరూ ముప్పావుకి వెళ్తుంది కాబట్టి అదే మనిషి అదే అలారానికి లేచి, ముహూర్తం మొదలయ్యేదాకా తొమ్మిది నిమిషాలు గోడకేసి చూస్తూ కూర్చోవాలి. సూర్యుడు కాస్త క్రమశిక్షణ నేర్చుకుంటే ఈ సమస్య ఉండదు.

గచ్చిబౌలి సోదరుల విషయం వేరు. అమెరికావాళ్ల పొద్దున మనకు రాత్రి. క్లయింటు కాల్ పదకొండింటికి ముగుస్తుంది. కాల్‌లో కళ్లు తెరిచి ఉండటానికి సాయంత్రం ఐదింటికి తాగిన ఇరానీ చాయ్‌లో కెఫీన్ సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది, ఎందుకంటే అది సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఒంటిగంటకు నిద్రపట్టి ఐదింటికి లేచిన మనిషికి రోజంతా శక్తి ఎలా వస్తుందన్న ప్రశ్నకు నిపుణుల దగ్గర జవాబుంది: పాజిటివ్‌గా ఆలోచించాలి.

ఈ పరిశీలనలో ఒక వింత కూడా బయటపడింది. ఏ క్లబ్బులోనూ చేరకుండా, ఏ యాప్ వేసుకోకుండా, దశాబ్దాలుగా నాలుగున్నరకే లేస్తున్న వర్గం ఒకటి మన ఇళ్లలోనే ఉంది. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు పట్టడం, వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, ఒకరికి ఇడ్లీ ఒకరికి చపాతీ, షుగరున్న మామగారికి జొన్నరొట్టె, ఏడున్నర స్కూలు బస్సుకు రెండు డబ్బాలు. ఇంత జరుగుతున్నా వీళ్లమీద ఒక్క మోటివేషన్ వీడియో రాలేదు. కారణం సాంకేతికం. మార్నింగ్ రొటీన్ అనిపించుకోవాలంటే అది తనకోసం చేసుకునేదై ఉండాలి. నలుగురికోసం చేస్తే దాన్ని ఇంటిపని అంటారు. ఇంటాయన చన్నీళ్లు పోసుకుని, ఊపిరి బిగబట్టి వదిలి, ఈరోజు నేను ఎవరెవరికి కృతజ్ఞుణ్ణి అని డైరీలో రాయడం పూర్తయ్యేసరికి పక్కన ఉప్మా ఉంటుంది. ఉప్మా ఎక్కణ్నుంచి వచ్చిందని ఆలోచిస్తే ఏకాగ్రత దెబ్బతింటుంది. ఆలోచించకూడదు.

ఇక టమాటా. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సిస్కో చిరిల్లో అనే విద్యార్థి చదువుమీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ తిప్పిపెట్టి చదవడం మొదలుపెట్టాడు. పాతిక నిమిషాలు పని, ఐదు నిమిషాలు విశ్రాంతి, నాలుగుసార్లు అయ్యాక కొంచెం పెద్ద విశ్రాంతి. ఇంతే పద్ధతి. దీనికిప్పుడు యాప్‌లున్నాయి, కోర్సులున్నాయి, కోచ్‌లున్నారు. మన మదనపల్లె మార్కెట్లో 2023 జులైలో కిలో వంద దాటిన టమాటా, ఇంకో ఏడాది కోత కూలీ కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోయించుకుంటుంది. మొత్తం సరఫరా గొలుసులో టమాటాకు ఏడాది పొడవునా నిలకడైన ధర పలుకుతున్నది పర్సనాలిటీ డెవలప్‌మెంట్ రంగంలో మాత్రమే. వ్యవసాయ శాఖ దీన్ని గమనించాలి.

మన గడియ ఇరవై నాలుగు నిమిషాలు. దీన్నిబట్టి ఏకాగ్రత మొదట మనదేనని, ఇటలీవాడు ఒక నిమిషం కలిపి ఎత్తుకుపోయాడని ఒక వాట్సాప్ సందేశం చక్కగా తయారవుతుంది. ఇంకా ఎవరూ చేయకపోయుంటే ఇక్కణ్నుంచి తీసుకోవచ్చు. అయితే పంచాంగం గొప్పతనం గడియలో లేదు. మిగతా క్యాలెండర్లన్నీ ఎప్పుడు పని చేయాలో చెబుతాయి. ఎప్పుడు చేయకూడదో మన పంచాంగం చెబుతుంది. రాహుకాలం గంటన్నర, యమగండం గంటన్నర, దుర్ముహూర్తం నలభై ఎనిమిది నిమిషాలు, వర్జ్యం ఇంకో గంటన్నర ప్రాంతం. సగం ఆఫీసు రోజు గ్రహాల ఖాతాలోకే పోతుంది. మంగళవారం రాహుకాలం మూడునుంచి నాలుగున్నర. సరిగ్గా అదే టైముకు రివ్యూ మీటింగ్ పెట్టే మేనేజర్లు ప్రాజెక్టు ఎందుకు లేటయిందని మళ్లీ మనల్నే అడుగుతారు.

అసలు విషయం ఇప్పుడు చెప్పాలి. ఏకాగ్రత సాధనకు ప్రపంచంలో ఏ గురువైనా చెప్పే మొదటి సూత్రం, గదిలోకి వెళ్లి తలుపేసుకోండి. ఈ ఒక్క వాక్యంలో ఒక గది ఉందనీ, దానికి తలుపుందనీ, తలుపుకి అవతల ఉన్నవాళ్లు ఊరుకుంటారనీ మూడు నమ్మకాలున్నాయి. మొదటి రెండింటికీ ఇంటి లోన్ తీసుకోవచ్చు. మూడోదానికి ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు.

తెలుగు ఇంట్లో పట్టపగలు తలుపు వేసి ఉందంటే ఒంట్లో బాలేదని అర్థం, లేదంటే లోపల ఏదో నడుస్తోందని అర్థం. పని అనే మూడో అర్థం ఇంకా వాడుకలోకి రాలేదు.

"ఏరా, తలనొప్పా?"

"లేదమ్మా, పని చేసుకుంటున్నా."

"పనికి తలుపెందుకురా? మీ నాన్న ముప్ఫై రెండేళ్లు ఉద్యోగం చేశారు, ఏనాడైనా తలుపేసుకున్నారా?"

ఈ వాదనకు సమాధానం లేదు. తలుపు తెరవాలి. తెరిచాక గ్యాస్ సిలిండర్ వస్తుంది, ఓటీపీ ఈ ఫోనుకే వచ్చుంటుంది. దాని వెనకే కొరియర్. ఆ తర్వాత విశాఖపట్నం నుంచి పెద్దమ్మ: "ఇంట్లోనే కదా నాన్నా, ఖాళీగానే ఉంటావ్. మన బుజ్జిదాని బయోడేటా కొంచెం టైపు చేసి పంపు. ఫొటో మాత్రం ఆ పాతది పెట్టకు." వీధిలో పాత ఇనప సామాన్లు కొంటామని రికార్డు చేసిన గొంతు ఆటో కట్టుకుని తిరుగుతుంటుంది. పక్క ప్లాటులో బోరు వేస్తున్నారు, మూడొందల అడుగులు దాటినా తడి తగల్లేదట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి కొలిచి, మనిషి దృష్టి ఒక స్క్రీన్ మీద సగటున 47 సెకన్లే నిలుస్తోందని తేల్చారు. ఆ వార్తకు అమెరికా అంతా కంగారుపడింది. మన దగ్గర 47 సెకన్లు ఎవరూ పిలవకుండా ఉంటే ఇంట్లోవాళ్లు ఊరెళ్లారని అర్థం.

ఇదంతా ఇంట్లో మగవాడి గోడు. అదే ఇంట్లో కోడలు కూడా వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే ఆవిడకు తలుపు చర్చే రాదు. ఆవిడ ల్యాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద, కుక్కర్ వినబడే దూరంలో ఉంటుంది. ఆవిడకు టమాటా టైమర్ అక్కర్లేదు. పప్పుకు నాలుగు విజిల్స్, అన్నానికి మూడు. మూడో విజిల్‌కి మ్యూట్ తీయకుండానే స్టవ్ కట్టేసి వచ్చి, ప్రాజెక్టు పని ఎక్కడిదాకా వచ్చిందో వివరంగా చెప్పగలదు. ఈ పద్ధతికి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు కాబట్టి కోర్సుగా అమ్మడం కుదరలేదు.

అలవాట్ల విభాగానికొద్దాం. ఏ అలవాటైనా 21 రోజుల్లో వస్తుందన్నది ఇప్పుడు గుణింతంలా అందరికీ వచ్చు. దీని మూలం చూస్తే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం సుమారు 21 రోజులు పడుతోందని రాశాడు. కనీసం, సుమారు అన్న మాటలు దారిలో ఎక్కడో జారిపోయాయి, ముఖం జారిపోయింది, 21 మిగిలింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 సరిపోయాయి, కొందరి లెక్క 254 దాకా వెళ్లింది. 254 రోజుల ఛాలెంజ్ అంటే యాప్ ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోరు కాబట్టి మార్కెట్ 21 దగ్గరే ఆగింది.

మన దగ్గర ఈ రంగంలో ఎన్నదగ్గ ప్రయోగం అయ్యప్ప దీక్ష. నలభై ఒక్క రోజులు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, కటిక నేలమీద పడక, కాళ్లకు చెప్పుల్లేవు, మందు లేదు, సిగరెట్ లేదు, నోట బూతు రాదు. ఏ కోచ్ సాధించలేనిది నల్ల బట్టలు సాధిస్తాయి. ఎందుకంటే మాల వేసిన మరుక్షణం నుంచి ఊరంతా స్వామీ అని పిలుస్తుంది, బాసు కూడా పిలుస్తాడు, పిలిచాక స్వామిలా ఉండక తప్పదు. మాల తీసిన సాయంత్రం కొందరు స్వాములు ఎక్కడ కనబడతారో బార్ల యజమానులకు తెలుసు. లండన్ సగటుతో పోలిస్తే దీక్ష పాతిక రోజులు తక్కువైంది, అంతే. దాన్ని 66కి పొడిగించాలని కోరడానికి ఈ రచయితకు ధైర్యం చాలలేదు. ముందు ఇళ్లలోవాళ్లని అడగాలి. నలభై ఒక్క రోజులపాటు మడిగా రెండు పూటలా వండిపెట్టేది వాళ్లు.

మధ్యాహ్నం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు మూడు గంటల మధ్య కాస్త మత్తు ఎవరికైనా వస్తుంది, తిన్నా తినకపోయినా ఒంటి గడియారంలోనే ఆ పల్లం ఉంది. దాని పైన మనం ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, చివర్న గడ్డపెరుగు వేస్తాం. భుక్తాయాసానికి ప్రపంచంలో ఏ ప్లానర్‌లోనూ గడి కేటాయించలేదు. కొత్త ప్లానర్లు ముద్రించే తెలుగు సంస్థలైనా ఈ అన్యాయాన్ని సరిదిద్దాలి.

చివరగా మొత్తం గంటల లెక్క తేల్చుకోవాలి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ గారి వీడియో బయటికొచ్చింది, ఆయన దాన్ని 90కి తీసుకెళ్లి, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు. మన ప్రభుత్వాలూ ఊరికే లేవు. ఆ జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికి ఒప్పుకుంది. జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటలదాకా అనుమతినిచ్చింది, వారానికి 48 దాటకూడదన్న పిరికి షరతుతో.

మనం షరతులు పక్కనపెట్టి 90 గంటలే పట్టుకుందాం. వారానికి ఉన్నవి 168. పని పోను 78. నిద్ర ఏడు గంటలైనా పోవాలని నిపుణులే అంటారు కాబట్టి అందులో 49 తీసేస్తే 29. కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకెళ్లి రావడానికి రోజుకు రెండు గంటల చొప్పున ఆరు రోజులకు 12. మిగిలింది 17. ధ్యానం, డైరీ, వ్యాయామం, పుస్తక పఠనం, రేపటి ప్రణాళిక, అన్నీ కలిపి శక్తినిచ్చే అలవాట్లకు రోజుకు రెండు గంటలు, వారానికి 14. చేతిలో ఉన్నవి మూడు గంటలు. రోజుకు పాతిక నిమిషాలు, పైన కొన్ని సెకన్లు.

ఆ పాతిక నిమిషాల్లో రెండు పూటలా భోజనం, స్నానం, పిల్లాడి లెక్కల హోమ్‌వర్క్, అమ్మకు బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, ఛైర్మన్ గారు సూచించినదానికంటే తక్కువగానైనా భార్య ముఖం చూడటం సర్దుకోవాలి. ఏది ముందో తేల్చుకోవడానికి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరుతో ఒక పట్టిక ఉంది. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి, అత్యవసరమైనవి ఒకవైపు, ముఖ్యమైనవి ఒకవైపు రాసుకోవాలి. స్కేలు ఎక్కడుందో పిల్లాణ్ని అడిగి, వాడు వాళ్ల అమ్మను అడిగి, ఆవిడ కుక్కర్ దించి వచ్చి వెతికిచ్చి, గీతలు గీయడం పూర్తయ్యేసరికి పది నిమిషాలు పడుతుంది. మిగతా పదిహేనులో పనులు మొదలుపెట్టవచ్చు.