క్రాపు చూసి కాల్చవలెను

మా ఇంటికి పాల ప్యాకెట్ ఆరున్నరకు వస్తుంది, పేపర్ ఏడుకు వస్తుంది, కోతులు ఏడూ ఇరవైకి వస్తాయి. ఈ మూడింటిలో ఒక్కరోజు కూడా నాగా పెట్టనివి కోతులే.

పోయిన నెల ఆ దండులో పెద్దది వంటింటి కిటికీ జాలీ ఊడదీసి లోపలికొచ్చి, ఫ్రిజ్ తలుపు తెరిచి, దోసెల పిండి గిన్నె చంకన పెట్టుకుని మేడెక్కింది. నీళ్ల ట్యాంకు మీద కూర్చుని ముంజేతి దాకా ముంచి నాకింది. ఉప్పు తక్కువైందేమో, ఓసారి ముఖం చిట్లించి మిగతా పిండంతా సోలార్ పలకల మీద కుమ్మరించి పోయింది. కరీంనగర్ ఎండ సంగతి మీకు తెలుసు. మధ్యాహ్నానికి అవి దోసెలయ్యాయి. అట్లకాడతో గీకుతుండగానే నేను ఒక నిశ్చయానికి వచ్చాను: తుపాకీ కొనాలి.

అసలు తుపాకీ కాదు, గాలి తుపాకీ. మనవాళ్లలో చాలామందికి దీంతో జాతరలోనే పరిచయం. బెలూన్లు కట్టిన బోర్డు, దాని ముందు బల్ల, బల్ల మీద గొట్టం కాస్త వంకరపోయిన తుపాకీ. చిన్నప్పుడు వేములవాడ జాతరలో నేను ఏడు దెబ్బలకు రెండు బెలూన్లు కొట్టాను. అందులో ఒకటి దానంతటదే పేలిందని మా అన్న ఇప్పటికీ వాదిస్తాడు. ఆయుధ విద్యలో నాకున్న అర్హత ఇంతే. అయినా నెల రోజులు ఈ శాస్త్రాన్ని మథించాను కనుక, కోతుల బాధితులైన తోటి పౌరుల మేలు కోరి ఆ సారాన్ని ఇక్కడ పెడుతున్నాను.

తుపాకుల్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి స్ప్రింగుది. గొట్టాన్ని మధ్యకు వంచితే లోపల స్ప్రింగు ముడుచుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కగానే అది సాగి గాలిని తోస్తుంది, గాలి పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును తోస్తుంది. ప్రతి దెబ్బకూ మళ్లీ వంచాలి. నలభై అయిదు దాటినవాళ్లకు ఇందులో వంగేది గొట్టమా నడుమా అన్నది అనుభవం మీద తేలుతుంది. రెండోది పీసీపీ, అంటే ప్రీ-చార్జ్‌డ్ న్యూమాటిక్. ఇందులో ముందే గాలి దట్టించి పెట్టుకోవాలి. ఎంత గాలి అంటే సుమారు 200 బార్. కారు టైరులో ఉండే గాలికి దాదాపు వంద రెట్లు. సైకిలు పంపు లాంటి దానితో నిలబడి కొట్టాలి. మీరు కొట్టడం ముగించి చెమట తుడుచుకునే లోపు కోతి జామకాయలు తిని, పిల్లకు పేలు చూసి, ఓ కునుకు కూడా తీస్తుంది. ధర అయిదారు వేల నుంచి లక్ష దాటేదాకా ఉంది. లక్ష పెడితే పెరట్లో జామచెట్టును అలాగే వదిలేసి జీవితాంతం జామకాయలు కొనుక్కోవచ్చు. ఈ లెక్క మా ఆవిడ చెప్పింది, శాస్త్రంలో లేదు.

ఇక చట్టం. బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.177 అంగుళాలు, శక్తి 20 జౌల్స్ దాటకపోతే గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని 2016 నాటి ఆయుధాల నిబంధనలు చెబుతున్నాయి. 20 జౌల్స్ అంటే ఎంతో తెలియక హైస్కూలు ఫిజిక్స్ గుర్తు చేసుకున్నాను. కిలో బరువున్న వస్తువును రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు దానికుండే శక్తి దాదాపు అంతే. మా ప్రహరీ ఎత్తు కూడా కాస్త అటూ ఇటుగా రెండు మీటర్లే. మొన్న దాని మీంచి కోతి నా మీద వేసిన సొరకాయ కిలోకు తక్కువుండదు. అంటే చట్టం నాకు అనుమతించిన ఆయుధబలమంతా అవతలి పక్షం దగ్గర ఎప్పటినుంచో ఉంది, అదీ నా సొరపాదు నుంచే.

అయినా వెనకడుగు వేయలేదు. కానీ ఎవరిని కాల్చాలో తేల్చుకోకుండా ఏ తుపాకీ కొనాలో తేలదు కదా. అక్కడే అసలు చిక్కు.

మన ప్రాంతంలో తిరిగే కోతులు రెండు జాతులు. ఒకటి రీసస్. ఎర్రటి మూతి, పొట్టి తోక, నుదుటి నుంచి వెనక్కి దువ్వినట్టుండే జుట్టు. రెండోది బానెట్. పొడుగు తోక, నడినెత్తిన పాపిడి తీసి టోపీ పెట్టినట్టు అటూ ఇటూ పడే జుట్టు. మీకూ నాకూ రెండూ కోతులే. చట్టానికి మాత్రం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు రీసస్‌ను రక్షిత జంతువుల జాబితాల్లోంచి తీసేశారు. బానెట్‌ను మాత్రం పులీ ఏనుగూ ఉండే ఒకటో షెడ్యూల్లో కూర్చోబెట్టారు. దాన్ని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పైన పాతికవేలకు తగ్గని జరిమానా.

కాబట్టి పద్ధతి ఇదీ. కోతి గోడ మీద కూర్చుంటుంది. మీరు తుపాకీ ఎత్తుతారు. ఎత్తి, ట్రిగ్గర్ మీద వేలు అలాగే ఉంచి, దాని క్రాపు పరిశీలిస్తారు. నడిపాపిడి కనబడితే నమస్కారం పెట్టి తుపాకీ దించాలి. క్రాపు వెనక్కి దువ్వి ఉంటే అనుమాన నివృత్తి కోసం తోక కూడా చూడాలి. కోతి అప్పటిదాకా కదలకుండా, వీలైతే పక్కకు తిరిగి కూర్చోవాలి. ఆధార్ కార్డు ఫొటోకు మనమే అంత కుదురుగా కూర్చోలేదు.

పోనీ రీససే అని తేలిందనుకోండి. దెబ్బ కొడితే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. మొదటి తప్పుకు అందులో జరిమానా పది రూపాయలకు తగ్గకూడదు, యాభైకి మించకూడదు. మా బస్టాండు దగ్గర ఆ డబ్బుతో ఎగ్ దోసె రాదు. ఒకే గోడ మీద పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు దొంగల్లో ఒకడి ఖరీదు ఏడేళ్లు, ఇంకొకడి ఖరీదు దోసె కంటే తక్కువ. తేడా అంతా దువ్వెనలో ఉంది. ఏ మూగజీవికైనా నొప్పి నొప్పే కదా అనకండి, మనం ప్రస్తుతం చట్టం మాట్లాడుకుంటున్నాం.

ఇవి కాక పెరటి శత్రువులు ఇంకా ఉన్నారు. పందికొక్కు రాత్రిపూట తప్ప రాదు, చీకట్లో దానికంటే నా బొటనవేలే ముందు కనబడుతుంది. కాకిని కొడదామంటే రేపు పిండం ఎవరు ముట్టాలి? పావురాల జోలికి వెళ్లలేదు, వాటికి గింజలు వేసేవాళ్ల సంఖ్య పావురాల కంటే ఎక్కువ. నెమలి జాతీయ పక్షి. అడవిపందిని 20 జౌల్స్‌తో కొడితే వీపు గోకారనుకుంటుంది.

గురి మాటేమిటంటారా? 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ పోటీలో నడిమధ్య చుక్క అర మిల్లీమీటరు, ఆవగింజలో సగం కూడా ఉండదు. గొప్ప సంగతే. అయితే ఆ చుక్క గంతులేయదు, పళ్లికిలించదు, కడుపున పిల్లను కరుచుకుని ఉండదు. మా పెద్దకోతి పక్కన ఎప్పుడూ అలాంటి తల్లి ఒకటి ఉంటుంది. నా గురి సంగతి జాతరలో ఏడు దెబ్బల నాడే తేలింది. అర గ్రాము సీసం ముక్క ఒంట్లో దిగి ఉండిపోతే కోతి చావదు, గోకుతుంది. గోకి గోకి పెంచుకుంటుంది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ బ్రహ్మరాక్షసి రోజూ ఏడూ ఇరవైకి వచ్చి నా ఎదురుగా కూర్చుని గోక్కుంటుంటే నేను టిఫిన్ ఎలా తినాలి?

మా పక్కింటి పెద్దాయన మంగళవారం, శనివారం గోడ మీద డజను అరటిపండ్లు పరుస్తాడు. తక్కిన అయిదు రోజులు దండు మా ఇంట్లో తింటుంది. తుపాకీ మాట చెవిన పడగానే ఆయన గోడ దగ్గరికొచ్చి, "హనుమంతుని మీదికి తుపాకి ఎత్తుతవా బిడ్డా?" అన్నాడు. మరి ఆ హనుమంతుడు మా దోసెలపిండి ఎత్తుకుపోయాడు కదా పెద్దనాన్నా అంటే, "గంత ఆకలైంది మరి" అన్నాడు. ఈ వాదానికి ఇప్పటిదాకా జవాబు దొరకలేదు.

నేనేదో ముందుగా ఆయుధం పట్టినవాణ్నని అనుకోకండి. ఈ యుద్ధానికి పెద్ద చరిత్రే ఉంది. ఢిల్లీలో కోతుల్ని తరమడానికి కొండముచ్చుల్లా నటించే 40 మంది యువకులకు శిక్షణ ఇచ్చి పెట్టుకున్నామని 2014లో అప్పటి కేంద్రమంత్రి, మన నెల్లూరు వెంకయ్యనాయుడే రాజ్యసభకు రాతపూర్వకంగా చెప్పారు. దేశంలో నిరుద్యోగానికి అంత నేరుగా పరిష్కారం చూపిన సమాధానం నేను ఇంకోటి చదవలేదు. మన సిద్దిపేట జిల్లా కోహెడలో ఓ రైతు ఎలుగుబంటి తొడుగు వేసుకుని చేలో తిరగడానికి రోజుకు అయిదు వందల కూలి మీద మనిషిని పెట్టాడు. పులి బొమ్మ ఫ్లెక్సీ మా వీధిలోనూ కట్టారు. మూడో రోజుకు పులి మీసాల దగ్గర కోతిపిల్లలు ఊయలూగాయి. పైపు ముక్కలో కార్బైడ్ వేసి ఢాం అనిపించే కోతుల గన్ను పల్లెల్లో చాలాచోట్ల చూశాను. 2025 దీపావళికి అదే సరుకు మధ్యప్రదేశ్‌లో పిల్లల చేతుల్లో బొమ్మగా పేలి ఎందరి కళ్లో పోగొట్టింది. కోతుల కళ్లు బాగానే ఉన్నాయి.

అసలివి ఊళ్లోకి ఎందుకొచ్చాయని ఓ కుర్రాడు అడిగాడు. తెలివితక్కువ ప్రశ్న. మా చుట్టుపక్కల గుట్టల్ని గ్రానైటు దిమ్మలుగా కోసి ఓడలెక్కించి చైనా పంపాం. గుట్టకు ఎగుమతి కాగితాలున్నాయి, గుట్ట మీది కోతికి పాస్‌పోర్టు లేదు. అది ఇక్కడే ఉండిపోయింది. అడవిలో పండ్ల చెట్లు పెంచి వాటికి 'మంకీ ఫుడ్ కోర్టు' అని పేరు పెట్టారు. పేరు బాగుంది. ఫుడ్ కోర్టు అలవాటైన మనమే ఇంట్లో వండింది తినం, కోతి మాత్రం ఇంటి వంటకే అలవాటు పడింది.

చివరికి ఏం కొన్నానో చెప్పాలి కదా. అన్నిటికంటే చవకైన స్ప్రింగు తుపాకీ, 0.177, చప్పటి తల పెల్లెట్ల డబ్బా ఒకటి. మర్నాడు ఏడూ పదిహేనుకే పెరట్లో నిలబడ్డాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూసి, "పిట్టల దొర లెక్క గట్ల నిలబడితే కోతులు పోతయా?" అంది. దండు వచ్చింది. పెద్దది గోడెక్కింది. క్రాపు వెనక్కే ఉంది. తోక కోసం మెడ సాచి చూస్తూ గొట్టం వంచాను. టక్కుమంది. ఆ చప్పుడుకే అన్నీ ఒక్క గంతున పెద్దాయన గోడ మీదికి పోయాయి.

అంతే. తుపాకీలో పనికొచ్చే భాగం ఆ టక్కేనని కనిపెట్టాను. వారం రోజులు పెల్లెట్ వేయకుండా గొట్టం మాత్రం వంచుతూ రాజ్యమేలాను. వీధిలో ఇద్దరు ముగ్గురు ఏ కంపెనీది అని అడిగారు కూడా.

ఎనిమిదో రోజు నేను వంచాను, టక్కుమంది, పెద్దది కదల్లేదు. మళ్లీ వంచాను. అది గోడ దిగి, నింపాదిగా నడిచి వచ్చి, అరుగు మీదున్న పెల్లెట్ల డబ్బా తీసుకుని ట్యాంకెక్కింది. మూత తిప్పింది. ఒకటి నోట్లో వేసుకుని కొరికి, దోసెల పిండి నాటి ముఖమే పెట్టి ఉమ్మేసి, మిగతావన్నీ సోలార్ పలకల మీద కుమ్మరించి పోయింది.

మధ్యాహ్నం నేను అలవాటు కొద్దీ అట్లకాడ తీసుకుని మేడెక్కాను.