19800 కలిపేస్తే అయిపోదు బాబూ

కోడింగ్ గ్రూపుల్లో మళ్ళీ మళ్ళీ తిరిగే ఫార్వర్డ్ ఒకటి ఉంది, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. అందులో చెప్పేది ఇదీ: కోడ్‌లో తేదీలూ టైములూ (డేట్‌టైమ్) లెక్కపెట్టడం గురించి అంత హంగామా అక్కర్లేదు. మన దేశానికి టైమ్ జోన్ ఒక్కటే, గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పే గొడవ లేదు, కాబట్టి యూటీసీకి (ప్రపంచమంతా లెక్కకి వాడే ఉమ్మడి టైమ్‌కి) 19800 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు కలిపితే ఐఎస్‌టీ, అంటే మన ఇండియా టైమ్ వచ్చేస్తుంది. టైమ్ లేని ఉత్త తేదీకి టైమ్ జోన్‌తో పనే లేదు. డేటాబేస్‌లో అన్నీ యూటీసీలో పెట్టేస్తే జన్మలో సమస్య రాదు. రేపటి తేదీ కావాలంటే 86400, అంటే ఒక రోజులో ఉండే సెకన్లు కలుపు. లైబ్రరీలు (ముందే ఎవరో రాసిపెట్టిన కోడ్) దండగ, ఒక ఫార్మాట్ స్ట్రింగ్ (తేదీని ఏ రూపంలో చూపించాలో చెప్పే అక్షరాలు) గుర్తుంటే చాలు. చివర్లో "ఆరేళ్ళుగా నా కోడ్ ఇలాగే నడుస్తోంది" అని తనకు తనే ఇచ్చుకున్న సర్టిఫికెట్.

విడివిడిగా వింటే ఒక్కో మాటా నిజమే అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే రాశాను కాబట్టి రాసినవాళ్ళ మీద కోపం లేదు. కానీ కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు దీన్ని సేవ్ చేసుకుని పెట్టుకుంటున్నారు, అందుకే ఈ సమాధానం.

ముందు ఆ 19800 సంగతి. జావాస్క్రిప్ట్‌లో డేట్ ఆబ్జెక్ట్ లోపల ఉండేది ఒకే ఒక్క అంకె, 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి ఇప్పటికి ఎన్ని మిల్లీసెకన్లు అని. దానికి టైమ్ జోన్ లేదు. మనకి చూపించేటప్పుడు మాత్రం మెషీన్ ఏ జోన్‌లో ఉందో చూసి మార్చి చూపిస్తుంది. అంటే మన లాప్‌టాప్ ఆ ఐదున్నర గంటలు ఎలాగూ కలుపుతుంది. మీరు చేత్తో ఇంకో ఐదున్నర కలిపారు. ఉదయం 10 గంటలది మధ్యాహ్నం 3:30 అయి కూర్చుంటుంది. అదే కోడ్‌ని యూటీసీలో ఉన్న సర్వర్ మీద నడిపితే 10 అనే చూపిస్తుంది. ఇక అక్కడి నుంచి మొదలవుతుంది అసలు నాటకం, "నా లాప్‌టాప్‌లో తప్పు, సర్వర్‌లో కరెక్ట్" అని ఒకరు, ప్రొడక్షన్ (అసలు యూజర్లు వాడే సర్వర్) అయితేనే కలుపు లేకపోతే వద్దు అని ఇఫ్ కండిషన్ పెట్టేది ఇంకొకరు, ఆ విలువ చివర యూటీసీ అని చెప్పే జెడ్ అక్షరం తగిలించుకుని మొబైల్ యాప్‌కి వెళ్తే అది నమ్మి ఇంకో ఐదున్నర కలిపేసేది మూడోది. మీరు చేసింది కన్వర్షన్ కాదు. ఒక క్షణాన్ని తీసుకుని ఐదున్నర గంటల తర్వాత వచ్చే వేరే క్షణంగా మార్చారు, అంతే.

పైథాన్‌లోనూ ఇదే కథ, వేషం వేరు. ఇప్పటి యూటీసీ టైమ్ చెప్పే యూటీసీనౌ అనే పాత ఫంక్షన్ ఇచ్చే విలువ మీద 'ఇది యూటీసీ' అన్న గుర్తు ఏమీ ఉండదు. దాన్ని 1970 నుంచి సెకన్ల లెక్కలోకి మార్చడానికి టైమ్‌స్టాంప్ ఫంక్షన్ పిలిస్తే పైథాన్ దాన్ని మీ మెషీన్ లోకల్ టైమ్ అనుకుని లెక్క కడుతుంది. గంటసేపు పనిచెయ్యాల్సిన లాగిన్ టోకెన్ (లాగిన్ అయ్యాక ఇచ్చే తాత్కాలిక పాస్) ఇలా తయారు చేస్తే హైదరాబాద్‌లో ఉన్న మీ లాప్‌టాప్ మీద ఆ టోకెన్ పుట్టేసరికే నాలుగున్నర గంటల క్రితం ఎక్స్‌పైర్ అయిపోయి ఉంటుంది. సర్వర్ మీద శుభ్రంగా నడుస్తుంది. వెతికి వెతికి జుట్టు పీక్కోవడమే. ఊరికే అనడం లేదు, పైథాన్ 3.12లో ఆ ఫంక్షన్‌ని ఇక వాడొద్దని అధికారికంగానే పక్కన పెట్టారు.

"అయినా ఐఎస్‌టీ ఎప్పుడూ ఐదున్నరే కదా" అంటారా. ఎప్పుడూ కాదు. 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకుని (మన కాకినాడ దగ్గరి నుంచే పోతుంది ఆ గీత) 1906 జనవరి 1 నుంచి ఐదున్నర అమల్లోకి వచ్చింది. అంతకుముందు రైళ్ళు మద్రాసు టైమ్ మీద నడిచేవి, అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల పైచిలుకు ముందు. కలకత్తా తన సొంత టైమ్‌ని 1948 దాకా వదల్లేదు, బొంబాయి 1955 దాకా వదల్లేదు. ఇవన్నీ చరిత్ర పాఠాలు, మాకెందుకు అనకండి, అసలైనది ఇప్పుడు చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన గడియారాలు కూడా గంట ముందుకి జరిగాయి. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ మధ్య దాకా దేశం ఆరున్నర మీద నడిచింది. ప్రపంచంలో కంప్యూటర్లన్నీ వాడే టైమ్ జోన్ డేటాబేస్‌లో 'ఏషియా/కోల్‌కతా' కింద ఇది రాసి ఉంది.

ఇప్పుడు 1943 జూన్ 1న పుట్టిన ఒక పెన్షన్ తాతగారిని తీసుకోండి. ఆయన పుట్టినరోజు అర్ధరాత్రిని సరైన లైబ్రరీ యూటీసీలోకి మారిస్తే మే 31 సాయంత్రం 5:30 వస్తుంది. తిరిగి చూపించేచోట మీరు 19800 కలిపారు. మే 31 రాత్రి 11 గంటలు! తాతగారు ఒక రోజు ముందు పుట్టేశారు. పుట్టినతేదీ ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే ఆ వయసులో ఎన్ని కౌంటర్ల చుట్టూ తిరగాలో మన ఇళ్ళల్లో తెలియనిది ఎవరికి. పైగా 1970కి ముందు వివరాలు ప్రతి ఊరికీ కచ్చితంగా సరిపోతాయని ఆ డేటాబేస్ కూడా హామీ ఇవ్వదు.

దీంతో రెండో పాయింట్‌కి వచ్చినట్టే, ఉత్త తేదీకి టైమ్ జోన్‌తో పని లేదట. ఉండకూడదు, నిజమే! కానీ జావాస్క్రిప్ట్ డేట్‌లో ఉత్త తేదీ అనేదే లేదు, ఏది ఇచ్చినా దాన్ని ఒక క్షణంగా మార్చేస్తుంది. 2024-08-15 అని గీతలతో ఇస్తే యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. దాని వెనకే టీ అక్షరం పెట్టి 00:00 అని టైమ్ చేరిస్తే లోకల్ అర్ధరాత్రి అనుకుంటుంది. అదే తేదీ, నాలుగు సున్నాలు చేరగానే అర్థం మారిపోయింది. ఇది బగ్ కాదు, స్టాండర్డ్‌లోనే అలా ఉంది.

నేను దెబ్బ తిన్నది దీని రెండో చివర, తేదీని మళ్ళీ స్ట్రింగ్‌గా బయటికి పంపేచోట. పనిచేస్తున్న చోట సెలవుల జాబితా పేజీ ఇచ్చారు. కేలెండర్‌లో తేదీ ఎంచుకోవడం, సేవ్ చెయ్యడం, అంతకుమించి ఏమీ లేదు. ఎంచుకున్న తేదీని టుఐఎస్ఓస్ట్రింగ్‌తో (ఇది యూటీసీలోకి మార్చి రాస్తుంది) స్ట్రింగ్ చేసి మొదటి పది అక్షరాలు కత్తిరించి పంపాను, నెట్‌లో ఎక్కడ చూసినా అదే సలహా. ఆగస్టు 15 ఎంచుకుంటే సేవ్ అయింది ఆగస్టు 14. ఎందుకంటే మన ఆగస్టు 15 అర్ధరాత్రికి యూటీసీలో ఇంకా 14వ తేదీ సాయంత్రం 6:30. జాబితా చూసిన మా లీడ్ "మన పండగని పక్క దేశానికి ఇచ్చేశావేంటయ్యా" అన్నాడు. నేను చేసిన రిపేర్ ఇంకా ఘోరం, సేవ్ చేసే ముందు ఒక రోజు కలిపాను. ఇక్కడ బాగానే నడిచింది. అమెరికాలో ఉన్న టీమ్ వాళ్ళు తెరిచి ఒక సెలవు మార్చినప్పుడు తెలిసింది, వాళ్ళకి అర్ధరాత్రి అంటే యూటీసీలో అదే తేదీ తెల్లవారుజాము, అందుకని వాళ్ళు ఎంచుకున్నవి మరుసటి రోజుకి పోయాయి.

మన యూజర్లంతా ఇక్కడే ఉన్నారు అనే మాట కూడా ఎప్పుడూ వినేదే. నాన్నగారి ఫారాలు డాలస్‌లో కూర్చుని కొడుకు నింపే ఇళ్ళు మన దగ్గర ఎన్ని లేవు? నాన్నగారి పుట్టినతేదీ జూన్ 12ని మీరు ఇండియా అర్ధరాత్రిగా దాచారు, కొడుకు బ్రౌజర్‌లో అది జూన్ 11 మధ్యాహ్నం. ఆయన ఫోన్ నంబర్ మాత్రం మార్చి సేవ్ నొక్కుతాడు, దాంతోపాటు తేదీ కూడా 11గా సేవ్ అవుతుంది. అతనికి తెలియదు, మీకూ తెలియదు. పుట్టినతేదీని డేట్ టైపు కాలమ్‌లో, లేదా కనీసం స్ట్రింగ్‌గా దాచండి. దాన్ని క్షణంగా మార్చే హక్కు ఎవరికీ ఇవ్వొద్దు. అసలు మనకి ఇది కొత్త విషయం కాకూడదు, 'ఇండియాలో ఏకాదశి రేపట, మరి మాకెప్పుడు' అని అక్కడివాళ్ళు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు కదా, తేదీ వేరు క్షణం వేరు అని పంచాంగం చూసే అత్తయ్యకి తెలుసు.

మూడోది, అన్నీ యూటీసీలో పెట్టేయమనడం. ఫార్వర్డ్ మొత్తంలో సగం నిజం ఉన్నది దీనిలోనే. అయిపోయిన వాటికి, అంటే పేమెంట్ ఎప్పుడు పడింది, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఇలాంటి వాటికి యూటీసీ బంగారం. జరగబోయేవాటికి కాదు. మెక్సికో 2022 అక్టోబర్‌లో వేసవికి గడియారాలు గంట ముందుకి జరిపే పద్ధతిని చాలావరకు ఎత్తేసింది. దానికి ముందే ఎవరో మెక్సికో సిటీలో 2023 వేసవిలో ఒక రోజు ఉదయం 10కి అపాయింట్‌మెంట్ పెట్టుకుంటే, అప్పటి రూల్ ప్రకారం మీరు యూటీసీ 15:00 అని దాచి ఉంటారు. రూల్ మారింది, ఆ రోజు వచ్చేసరికి మీ యాప్ ఉదయం 9 అంటుంది. వాళ్ళు ఒప్పుకున్నది గోడ మీద గడియారం చూపించే పదిని, మీ డేటాబేస్‌లో ఆ పది ఎక్కడా లేదు. ముందుముందు జరిగేవాటికి ఆ ఊరి టైమూ, ఆ జోన్ పేరూ రెండూ దాచాలి. 2023 మార్చిలో లెబనాన్‌లోనైతే గడియారం మార్పుని వాయిదా వేస్తున్నామని ప్రభుత్వం కొద్ది రోజుల ముందు చెప్పింది, కొందరు మాట వినలేదు, దేశంలో రెండు టైములు నడిచాయి, మళ్ళీ ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. ఇలాంటివాటికి ఏ అంకె కలుపుతారు?

అన్నట్టు, జోన్ పేరు అంటే ఏషియా/కోల్‌కతా లాంటిది. ఐఎస్‌టీ అని మూడక్షరాలు కాదు. ఇజ్రాయెల్ వాళ్ళదీ ఐఎస్‌టీయే, ఐర్లండ్ వేసవి టైమూ ఐఎస్‌టీయే.

86400 గురించి ఎక్కువ చెప్పను. డాలస్‌లో 2025 నవంబర్ 2న గడియారం గంట వెనక్కి జరిగింది, ఆ రోజుకి 25 గంటలు. ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రికి 86400 కలిపితే అదే రోజు రాత్రి 11 వస్తుంది, మీ కేలెండర్‌లో నవంబర్ 2 రెండుసార్లు కనిపిస్తుంది. ఈజిప్టులో ఏప్రిల్ చివరి శుక్రవారం గడియారం అర్ధరాత్రి నుంచి నేరుగా ఒంటిగంటకి దూకుతుంది, అంటే ఆ రోజుకి 00:00 అనే టైమే లేదు. రోజు కలపమని లైబ్రరీకి చెప్పండి, సెకన్లు మీరు కలపకండి.

ఇక ఫార్మాట్ స్ట్రింగ్ ఒకటి గుర్తుంటే చాలన్న మాట. ఏ భాషది? జావాస్క్రిప్ట్‌లో మొమెంట్, డేజేఎస్ లైబ్రరీలు వాడినవాళ్ళకి నాలుగు పెద్ద వైలు అంటే మామూలు సంవత్సరం, రెండు పెద్ద డీలు అంటే నెలలో తేదీ. అదే చేత్తో జావాలోకి వచ్చి సింపుల్‌డేట్‌ఫార్మాట్‌లో రాస్తే పెద్ద డీ అంటే ఏడాదిలో ఎన్నో రోజు, 2024 ఆగస్టు 15కి 228 అని వస్తుంది. దాన్ని చూడగానే పట్టేస్తారు, పర్లేదు. పెద్ద వై అలా కాదు. జావాలో అది వారాల లెక్కన చూసే సంవత్సరం, ఏడాదంతా మామూలు సంవత్సరంలాగే బుద్ధిగా ఉండి చివరి వారంలో బయటపడుతుంది. 2024 డిసెంబర్ 31ని దాంతో ప్రింట్ చేస్తే 2025 డిసెంబర్ 31 అని వస్తుంది. టెస్టింగ్ జూలైలో చేస్తారు, బిల్లులు డిసెంబర్ ఆఖరున ప్రింట్ అవుతాయి, సగం టీమ్ సెలవులో ఉంటుంది. చిన్న వై వాడాలి. అసలు 2014లో జావా 8తో వచ్చిన కొత్త జావా.టైమ్ ఉండగా ఇంకా పాతది పట్టుకుని వేలాడటం ఎందుకో నాకు అర్థం కాదు, ఉత్త తేదీకి లోకల్‌డేట్, క్షణానికి ఇన్‌స్టంట్, జోన్‌తో సహా కావాలంటే జోన్డ్‌డేట్‌టైమ్ అని విడివిడి టైపులు ఇచ్చి మరీ పెట్టారు.

లైబ్రరీ వాడితే అన్నీ సర్దుకుంటాయని కూడా నేను అనను. పైథాన్‌లో పైటీజెడ్ అనే లైబ్రరీ తీసుకుని కోల్‌కతా జోన్‌ని నేరుగా డేట్‌టైమ్‌కి తగిలించి చూడండి, ఆఫ్‌సెట్ (యూటీసీతో తేడా) 5:30 రాదు, 5:53 వస్తుంది. అది పాతకాలపు కలకత్తా స్థానిక సమయం, జాబితాలో మొదటిది కాబట్టి అదే అంటుకుంటుంది. మీటింగులు 23 నిమిషాలు తేడాగా పడుతుంటే కారణం చాలాసార్లు ఇదే. దానికి లోకలైజ్ అనే ఫంక్షన్ వాడాలి, లేదా పైథాన్ 3.9 నుంచి భాషలోనే ఉన్న జోన్ఇన్ఫోకి మారిపోవాలి, నా ఓటు రెండోదానికే.

మిగిలింది ఆరేళ్ళ సర్టిఫికెట్. మీ సర్వర్ ఆరేళ్ళూ యూటీసీలో ఉంది, అంతే. టెస్టులు నడిపే ముందు మెషీన్ ఏ జోన్‌లో ఉందో చెప్పే టీజెడ్ వేరియబుల్‌ని ఒకసారి అమెరికా/చికాగో అని, ఇంకోసారి ఏషియా/ఖాట్మండూ అని పెట్టండి (నేపాల్ ఐదుంబావు కాదు, ఐదున్నరా కాదు, ఐదూ ముప్పావు). రెండు చోట్లా మీ పేజీలో ఆగస్టు 15 ఆగస్టు 15గానే కనిపిస్తే స్క్రీన్‌షాట్ పెట్టండి, ఈ పోస్ట్ తీసేస్తాను.