నీళ్ల గడియారంలో కరిగేది జింకు

బ్యాటరీ అక్కర్లేదు, ప్లగ్గు అక్కర్లేదు, కాసిన్ని నీళ్లు పోస్తే చాలు. నీటితో నడిచే గడియారాలు, లాంతర్లు, ఫోన్ ఛార్జర్ల ప్రకటనల్లో వినిపించే పాట ఇదే. ఇవి చాలావరకు పనిచేస్తాయి కూడా. చిక్కల్లా ఆ శక్తి నీళ్లలోంచే వస్తోందని నమ్మించడంలో ఉంది.

నీరు ఇంధనం కాదు. హైడ్రోజన్ మండాక మిగిలేదే నీరు, అంటే ఒకరకంగా బూడిద. కరెంటు పెట్టి నీటిని విడగొట్టొచ్చు. కానీ కిలో హైడ్రోజన్ రావాలంటే కనీసం 39 యూనిట్లు ఖర్చవుతాయి, దాన్ని మళ్లీ మండిస్తే అంతకు మించి రాదు. అమెరికాలో స్టాన్లీ మేయర్ నీళ్లతో కారు నడిపిస్తానని పెట్టుబడులు తెచ్చుకుంటే, 1996లో ఒహాయో కోర్టు అది పచ్చి మోసమని తేల్చి డబ్బు వెనక్కి ఇమ్మంది.

మరి గడియారం ఎలా నడుస్తోంది? అడుగు మూత తీసి చూడండి. రెండు చిన్న లోహపు రేకులుంటాయి, సాధారణంగా ఒకటి రాగి, ఒకటి జింకు. నీళ్లు తగిలాక జింకు మెల్లగా కరుగుతూ కరెంటు పుట్టిస్తుంది. స్కూల్లో నిమ్మకాయకు మేకులు గుచ్చి చేసే ప్రయోగమే ఇది. అందుకే కొన్నిటికి చిటికెడు ఉప్పో, రెండు చుక్కల నిమ్మరసమో కలపమంటారు. అంకెలు మాత్రమే చూపించే గడియారానికి కావాల్సిన కరెంటు అత్యల్పం కాబట్టి నెలల తరబడి నడుస్తుంది. అంకెలు మసకబారితే నీళ్లు మార్చాలి, రేకు తుడవాలి. కొన్నాళ్లకు జింకు మీద తెల్లటి పొర కట్టి, గుంటలు పడి, ఇక ఎన్ని నీళ్లు పోసినా లాభం ఉండదు. అయిపోయిన ఇంధనం ఆ రేకే.

ఉప్పునీటి లాంతర్లలో జింకు స్థానంలో మెగ్నీషియం ఉంటుంది. వెలుగు బాగానే ఇస్తాయి. అయితే ప్రపంచంలో మెగ్నీషియం ఎక్కువ భాగం చైనాలో తయారవుతోంది, ఖనిజాన్ని దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాల్చి మరీ. ఆ పొగ లాంతరు వెలిగించేవాళ్లకు కనపడదు, అంతే. స్వీడన్ కంపెనీ మైఎఫ్‌సీ తెచ్చిన పవర్‌ట్రెక్ ఛార్జర్‌దీ ఇదే కథ: నీళ్లు తగిలితే హైడ్రోజన్ వదిలే రసాయనపు బిళ్ల ఒకటి వేయాల్సి వచ్చేది, అది అయిపోతే ఇంకోటి కొనాల్సి వచ్చేది. రోజువారీ వాడకానికి వీటిని పర్యావరణహితం అనడం నాకు మింగుడుపడదు.

అత్యవసరానికి మాత్రం వీటికి సాటి లేదు. లైఫ్ జాకెట్ల మీద కొన్ని దీపాలు ఈ రకమే. ఏళ్ల తరబడి పొడిగా పడి ఉండి, మనిషి సముద్రంలో పడగానే వాటంతటవే వెలుగుతాయి. ఓడల భద్రతా నిబంధనల ప్రకారం ఆ దీపం కనీసం 8 గంటలు వెలగాలి. అక్కడ మెగ్నీషియం ఎంత ఖర్చయిందని ఎవరూ లెక్క అడగరు.

ఇంకో జాతి ఉంది: పైపులో పారే నీటితో చిన్న టర్బైన్ తిప్పేవి. ఇందులో నీళ్లు నిజంగానే పనిచేస్తాయి, కానీ లెక్క చూడండి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే లీటరు నీటిలో ఉండేది 98 జౌళ్ల శక్తి. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ నిండాలంటే దాదాపు 70 వేల జౌళ్లు కావాలి. అంటే రవ్వంత కూడా వృథా కాకున్నా 700 లీటర్లు పారాలి. ఆ నీళ్లను పైకి ఎక్కించింది కరెంటు మోటారే అయితే, మన కరెంటునే మనం చుట్టు తిప్పి, తగ్గించి తీసుకుంటున్నట్టు.

అందుకే ఈ టర్బైన్ ఫోన్లకు దండగ, చెయ్యి పెడితే నీళ్లొచ్చే సెన్సర్ కుళాయిలకు మాత్రం దివ్యంగా సరిపోతుంది. సెన్సర్‌కు, చిన్న వాల్వుకు కావాల్సిన కరెంటు కొంచెమే. చేతులు కడుక్కోవడానికి ఎలాగూ వదిలే నీళ్లే దాన్ని పుట్టిస్తాయి. జపాన్ కంపెనీ టోటో ఇలాంటివి ఎప్పటినుంచో అమ్ముతోంది. జనం రద్దీగా వాడే చోట, వందలకొద్దీ కుళాయిలున్న ఎయిర్‌పోర్టులో, ఒక్కోదాని కింద దూరి బ్యాటరీలు మార్చే పని చాలావరకు తప్పుతుంది.