బండిలో కూర్చున్నంత మాత్రాన గంజాయి అతనిదవుతుందా?

పాడేరు, చింతపల్లి కొండల నుంచి నర్సీపట్నం మీదుగా మైదానానికి దిగే దారుల్లో పోలీసులు ఒక వాహనాన్ని ఆపి గంజాయి పట్టుకుంటే, అందులో ఉన్నవారంతా ఏ1, ఏ2, ఏ3గా ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కుతారు. సరుకు ఎత్తించినవాడికీ, దారిలో చెయ్యెత్తి బండి ఎక్కినవాడికీ ఆ వరుసలో తేడా కనిపించదు. ఆ తేడా తేల్చాల్సిన మొదటి బాధ్యత ప్రాసిక్యూషన్‌దే. ప్రయాణికుడి తరఫు వాదన మొత్తం ఈ అంశం మీదే నిలబడాలి.

మాదకద్రవ్యాల కేసులకు వర్తించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 20 కిలోలు దాటిన గంజాయి వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది. శిక్ష పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా పడవచ్చు. నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయని కోర్టుకు అనిపిస్తే తప్ప 37వ సెక్షన్ బెయిలు ఇవ్వనివ్వదు. పైగా సరుకు అతని స్వాధీనంలో ఉందని తేలితే, తెలిసే ఉంచుకున్నాడని 35, 54 సెక్షన్ల కింద కోర్టు భావిస్తుంది. కాబట్టి ‘నాకు తెలియదు’ అన్న ఒక్క మాటతో కేసు గట్టెక్కదు. అయితే స్వాధీనం వంటి మూల వాస్తవాలను ప్రాసిక్యూషన్ ముందుగా రుజువు చేస్తేనే ఆ భావన మొదలవుతుందని 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. 2002 నాటి అవతార్ సింగ్ కేసులో నిందితులు లారీలోని గసగసాల పొట్టు బస్తాల మీద కూర్చున్నారన్న ఒక్క కారణంతో వాటిని వారి స్వాధీనంగా భావించలేమని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది మదన్‌లాల్ కేసులో మాత్రం కారులోని వారందరికీ శిక్ష ఖాయమైంది. వారంతా పరిచయస్తులు, ప్రయాణించింది ప్రజారవాణా వాహనంలో కాదు, కలిసి ఎందుకు బయల్దేరారో ఎవరూ వివరించలేకపోయారు. ఈ రెండింటి మధ్య గీత పరిచయం దగ్గర, ప్రయాణ కారణం దగ్గర పడింది. అందుకే లిఫ్టు అడిగి ఎక్కినవాడికి ఛార్జీ చెల్లించిన ఫోన్‌పే రసీదు, డ్రైవరుతో అంతకుముందు ఒక్క కాల్ కూడా లేదని చూపే కాల్ డేటా, చేరాల్సిన ఊళ్లో ఉన్న పని తాలూకు కాగితం ప్రాణంతో సమానం.

సోదా సమయంలో సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) తరచూ ‘నిందితుల స్వాధీనంలోని గంజాయి’ అని ఒకే ముక్కలో రాసేస్తారు. సంచి డిక్కీలో ఉందా, కాళ్ల దగ్గర ఉందా, తాళం ఎవరి జేబులో దొరికింది, ఎవరు ఏ సీట్లో కూర్చున్నారు అన్నవి అక్కడ లేకపోతే క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలదీయాల్సింది వాటినే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాను వీడియో తీయాలంటోంది. డిఫెన్స్ న్యాయవాది ఆ వీడియోను మొదట్లోనే అడిగి తీసుకోవాలి. అధికారుల ముందు ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 2020 నాటి తోఫాన్ సింగ్ తీర్పు ఉండగా, తోటి నిందితుడు చెప్పిన పేరు మీదే కేసు నడపడం అన్యాయం.

కూలి పనికి దిగుతున్న గిరిజన యువకుడికి ఇవన్నీ ఎవరు చెబుతారు? విచారణ విపరీతంగా సాగితే 37వ సెక్షన్ ఉన్నా బెయిలు ఇవ్వవచ్చని 2023లో మొహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు అన్నది నిజమే. కానీ ఆ ఊరట దక్కేసరికి అతని జీవితంలో ఏళ్లు జైల్లోనే గడిచిపోతాయి. రిమాండ్‌కు తెచ్చిన రోజే న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాది పక్కన ఉండాలి, మేజిస్ట్రేట్ కూడా ఒక్కొక్కరి పాత్ర ఏమిటో రిమాండ్ రిపోర్టులో విడిగా రాయమని పోలీసులను అడగాలి.