ఆదివారం ఫోన్లకు అందని మూడ్

మనలో చాలామందికి ఇంటివాళ్ల మనసు ఎలా ఉందో తెలిసేది వారానికోసారి. ఇక్కడ అమెరికాలో శనివారం రాత్రి, విశాఖలో ఆదివారం పొద్దున. వీడియో కాల్‌లో కాఫీ గ్లాసులు, వెనక ఫ్యాన్ చప్పుడు, "అంతా బాగానే ఉన్నాం" అన్న మాట. బీపీ, షుగర్ సంగతైతే ఈ పద్ధతి ఎలాగో గడిచిపోతుంది. ఇంట్లో బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు అదుపులో నిలవని మానసిక జబ్బు) ఉన్న మనిషి ఉంటే మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదంటాను. ఓపీలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి "ఈ నెలంతా ఎలా ఉంది?" అని అడిగినా దాదాపు అంతే.

ఈ జబ్బులో మూడ్ గంటల లెక్కన మారిపోతుంది. మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎమ్-5 పుస్తకం ప్రకారం డిప్రెషన్ అనాలంటే లక్షణాలు రెండు వారాలు ఉండాలి, బైపోలార్‌లో మేనియా (హద్దు మీరిన హుషారు) అనాలంటే మామూలుగా కనీసం వారం, దాని తేలికరకానికి నాలుగు రోజులు. బోర్డర్‌లైన్‌లో దిగులో చిరాకో ముంచుకొచ్చి కొన్ని గంటల్లో పోతుంది, ఎప్పుడో తప్ప కొన్ని రోజులు దాటదు. అలాంటిదాన్ని నెలాఖరున గుర్తు చేసుకోమంటే ఏం గుర్తుంటుంది? అన్నిటికన్నా ఘోరంగా గడిచిన రోజొకటి, మొన్నా నిన్నా జరిగినవి. అది జబ్బు తప్పు కాదు, మనందరి జ్ఞాపకాలూ అలాగే పనిచేస్తాయి.

అందుకే పరిశోధకులు మనిషిని క్లినిక్‌కి పిలవడం మాని, మనిషి ఉన్న చోటనే అడగడం మొదలుపెట్టారు. 1970ల్లో షికాగోలో సైకాలజిస్టు మిహాయి చిక్సెంట్‌మిహాయి బృందం జనానికి పేజర్లిచ్చి, అవి మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో, ఎలా అనిపిస్తోందో రాయమంది. (వైటూకే రోజుల్లో వచ్చినవాళ్లకి బెల్టుకి తగిలించుకున్న ఆ డబ్బా గుర్తుండే ఉంటుంది.) ఇప్పుడా పని ఫోన్ చేస్తోంది. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో సైకాలజిస్టు తిమోతీ ట్రుల్ బృందం బోర్డర్‌లైన్ ఉన్నవాళ్లనీ డిప్రెషన్ ఉన్నవాళ్లనీ దాదాపు నెలపాటు, రోజుకి ఆరేసి సార్లు పలకరించింది. కోపం, భయం, దిగులు ఒకసారికీ మరోసారికీ మధ్య ఎగిరిపడటం బోర్డర్‌లైన్ వాళ్లలోనే ఎక్కువని తేలింది.

ఇందులో ఒక చిన్న లెక్కుంది. గాజువాకలో ఒకమ్మాయి రోజంతా తన దిగులుకి పదికి ఇన్నని మార్కులేసుకుంది: 2, 2, 2, 8, 8, 8. సిరిపురంలో ఇంకో అమ్మాయి: 2, 8, 2, 8, 2, 8. ఇద్దరికీ సగటు 5. హెచ్చుతగ్గుల విస్తృతీ ఒకటే. రిపోర్టులో ఇద్దరూ కవలలే. ప్రతి అంకెకీ దాని తర్వాతి అంకెకీ ఉన్న తేడాను వర్గం చేసి సగటు తీయండి: మొదటి అమ్మాయికి 7.2, రెండో అమ్మాయికి 36. రెండో అమ్మాయి రోజు ఎలా గడిచిందో ఆ 36లోనే ఉంది. "మొత్తమ్మీద ఎలా ఉన్నావమ్మా" అనే మన ప్రశ్నకి ఎప్పుడూ 5 అనే జవాబొస్తుంది.

మా పిన్ని కూతురు ఎంవీపీ కాలనీలో ఉంటుంది. డాక్టరమ్మ రాయమన్న పుస్తకంలోంచి ఈ రెండు ముక్కలు వేసుకోమని తనే ఇచ్చింది. "9:10. మద్దిలపాలెం బస్టాపు. మెసేజ్ చూసింది, రిప్లై లేదు. కోపం 8." కిందే ఇంకో లైను: "9:50. ఆఫీసు. ఛార్జింగ్ అయిపోయిందంట. కోపం 1, సిగ్గు 7." పిన్నికి ఇవేవీ కనబడవు. ఆవిడ చూసేది సాయంత్రం వచ్చి తలుపేసుకున్న పిల్లని. "ఏటయిందే నీకు, పొద్దున్న నవ్వుతూనే ఎల్లావు కదా!" అని కేకేసి, నాకు ఫోన్ చేసి "పొగరు బాబూ, ఒట్టి పొగరు" అంది. ఆ పుస్తకంలో ఎంత వెతికినా పొగరు దొరకదు. నన్ను వదిలేశారనిపించిన మరుక్షణం కోపం భగ్గుమనడం డైరీ అధ్యయనాల్లో కూడా కనబడిన క్రమమే.

చికిత్సలోనూ ఈ పుస్తకానికి చోటుంది. అమెరికన్ సైకాలజిస్టు మార్షా లైనహన్ ఈ జబ్బు కోసం రూపొందించిన మాటల చికిత్స డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ)లో రోగి రోజూ నింపే డైరీ కార్డు చూసి గానీ సెషన్ మొదలుపెట్టరు. వయసులో ఉండగా తనూ మానసిక ఆసుపత్రి పాలైనదాన్నేనని ఆవిడ 2011లో బయటపెట్టారు. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు, భారమంతా ఇలాంటి మాటల చికిత్సదే. అలాగని ఆశ లేదనుకోకండి: అమెరికాలో మెక్లీన్ ఆసుపత్రి 290 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, పదేళ్లలో 93 శాతం మందికి లక్షణాలు తగ్గి కనీసం రెండేళ్లు తిరిగి రాలేదు. ఉద్యోగం, బంధాలు కూడా నిలబెట్టుకున్నవాళ్లు సగమే. ఆ రెండో అంకె కూడా చెప్పాలి.

ఇక్కడ మనవాళ్ల వరస నాకు భయం. అమ్మానాన్నల హాల్లో సీసీ కెమెరా పెట్టినవాళ్లం, "యాప్ ఉందా? నాకూ షేర్ చెయ్" అనకుండా ఉంటామా? వద్దు. లాస్ట్ సీన్ చూసి "రెండింటిదాకా మేలుకున్నావేం?" అని అడిగే అన్నయ్య చదువుతాడంటే, ఆ పిల్ల 8 వేయాల్సిన చోట 3 వేస్తుంది. పుస్తకం తనది, చూపిస్తే చూడాలి. ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచన వచ్చినప్పుడు మాత్రం పుస్తకం పక్కన పెట్టి 14416కి చెయ్యాలి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రయినా సరే.

చినవాల్తేరు మానసిక వైద్యశాలకి వెళ్లాల్సొస్తే ఒక స్టాపు ముందే దిగి నడిచేవాళ్లు ఇంకా ఉన్న ఊరు మనది. మరోపక్క, 1967లోనే కోనేరు రామకృష్ణారావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో పారాసైకాలజీ విభాగం పెట్టిన ఊరూ ఇదే. అతీంద్రియ శక్తుల్నే కొలవబోయినవాళ్లకి మూడ్ కొలవడం ఓ లెక్కా!

మన సంఘం విశాఖలో పెట్టే మెడికల్ క్యాంపులో బీపీ, షుగర్, కళ్లజోళ్లు ఉంటాయి. ఈసారి కళ్లజోళ్ల బడ్జెట్‌లో కొంత తీసి, అక్కడ సైకాలజీ చదివిన పిల్లలు కొందరికి డీబీటీ శిక్షణ ఇప్పించమని కమిటీని అడుగుతున్నాను. ఫొటోలో చూపించుకోవడానికి ఏమీ ఉండదనే అభ్యంతరం వస్తుందని తెలుసు. రానీండి, మీటింగ్‌లో తేల్చుకుందాం.