సవరణ: మోరల్ ఈక్వివలెన్స్ విలియం జేమ్స్ మాట కాదు

"మోరల్ ఈక్వివలెన్స్" (నైతికంగా రెండూ ఒకటే అనడం) అనే ఇంగ్లిష్ మాటని విలియం జేమ్స్ పుట్టించాడని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, క్షమించాలి.

ఆ అమెరికన్ తత్త్వవేత్త 1910లో అచ్చయిన వ్యాసంలో వాడింది "మోరల్ ఈక్వివలెంట్ ఆఫ్ వార్". యుద్ధం నేర్పే క్రమశిక్షణ, తెగువ యుద్ధం లేకుండానే రావాలంటే దాని బదులు ఏం పెట్టాలన్నది ఆయన ప్రశ్న. కుర్రాళ్లని బొగ్గు గనులకీ, డిసెంబరు చలిలో చేపల పడవల మీదకీ, అంట్లు తోమడానికీ పంపమన్నాడు. 1977లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇంధన పొదుపు గురించి మాట్లాడుతూ వాడిందీ ఈ మాటే.

"మోరల్ ఈక్వివలెన్స్" దారి వేరు. ఇది ఎక్కువగా ఎదుటివాళ్ల మీద వేసే నింద. కోల్డ్ వార్ రోజుల్లో అమెరికా, సోవియట్ యూనియన్ దొందూ దొందే అనేవాళ్లని తప్పుపట్టడానికి వాడారు. 1980ల్లో, ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా పనిచేసిన జీన్ కిర్క్‌పాట్రిక్ అలా సమానం అనడం తప్పని గట్టిగా వాదించారు.

నాకు ఎక్కువ బాధగా ఉన్నది ఇంకో పొరపాటు. పోలికనీ, సమానం అనడాన్నీ కలిపేశాను. "ఇద్దరూ జనాన్ని జైల్లో పెట్టారు" అంటే పోలిక. "కాబట్టి ఇద్దరూ ఒకటే" అన్నప్పుడే ఈ మాట వర్తిస్తుంది. పాత పోస్టులో ఆ పేరా మార్చాను.