కన్ఫ్యూజ్ అయ్యారా, ఏమార్చారా?

అప్పు కాగితాల మీద సంతకం పెట్టిన ఆర్నెల్లకు, మొదటి వడ్డీ రేటు కొన్నాళ్లకేనని తెలిసిన మనిషి ఏమంటాడు? ‘నేనే కన్ఫ్యూజ్ అయ్యాను’ అంటాడు. నా అభ్యంతరం ఈ మాట మీదే. అతన్ని ఏమార్చారు.

ఏమరడం అంటే ఆదమరిచి ఉండటం. ఏమరుపాటు అక్కడిదే. ఎదుటి మనిషి ఏమరేలా చేసి తమ పని కానిచ్చుకోవడం ఏమార్చడం. చేసినవాడూ, వాడి ఉద్దేశమూ ఆ ఒక్క క్రియలోనే దొరికిపోతారు. మభ్యపెట్టాలంటే ఆశ చూపాలి. బుకాయించాలంటే నిజం కళ్లెదుటే ఉన్నా కాదని దబాయించాలి. బురిడీ కొట్టించారంటే డబ్బో వస్తువో చేజారినట్టే. తికమకపెట్టడంలో దురుద్దేశం ఉండాలని లేదు, పొడుపుకథా తికమకపెడుతుంది. అక్కడ కూడా తెలుగు లెక్క తప్పదు: తికమకపడటం ఒకరి అవస్థ, తికమకపెట్టడం ఇంకొకరి పని. ఇన్ని తేడాలనూ ‘కన్ఫ్యూజ్’ ఒక్కటే మింగేస్తోంది.

‘కన్ఫ్యూజ్ చేశారు’ అంటే సరిపోదా, అందరికీ అర్థమయ్యే మాటే కదా అని అడుగుతారు. అరువు మాటల మీద నాకు కోపం లేదు. బస్సు, టికెట్ ఎప్పుడో మనవైపోయాయి. కానీ పొరపాటున చేశారో, కావాలని చేశారో ఆ మాట చెప్పదు. ఇంగ్లీషు వాళ్లకే అది చాలలేదు. మనిషికి తన జ్ఞాపకం మీదే అనుమానం పుట్టించడాన్ని గ్యాస్‌లైటింగ్ అన్నారు. 2022లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు ఆ ఏటి మాటగా ఎంచుకున్నది దాన్నే.

అసలు బాధ ఒప్పంద పత్రాల భాషతో. చీమల బారులాంటి అక్షరాలు, ఊపిరాడనివ్వని వాక్యాలు, ఇక్కడి పదానికి పది పేజీల అవతల అర్థం. అర్థం కానివాళ్లు తమ చదువునే తిట్టుకుంటారు, పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా. యాప్‌లలోనూ ఇదే తంతు. ‘సరే’ బటన్ మెరుస్తుంటుంది, ‘వద్దు’ ఎక్కడో బూడిదరంగులో దాక్కుంటుంది. ఇలాంటి ఎత్తులకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ ‘డార్క్ ప్యాటర్న్’ అని పేరు పెట్టారు. ఆ పేరు వల్ల తప్పు పట్టే వేలు, యాప్ వాడేవాళ్ల మీద నుంచి దాన్ని తయారుచేసినవాళ్ల మీదికి మళ్లింది. ఒక్క మాటకు అంత బలం ఉంది.

మనం దాన్ని ‘ఏమార్చే డిజైన్’ అని రాద్దాం. ఫిర్యాదు రాసేటప్పుడు ‘నాకు సరిగా అర్థం కాలేదు’ అనే మొదటి వాక్యం కొట్టేసి, ‘నన్ను ఏమార్చారు’ అని మొదలుపెడదాం.